నూటికి ఎంత?



ముందుగా మిమ్మల్ని ఒక మాట అడుగుతాను. మీ ఊళ్ళో ఇప్పుడు వడ్డీ ఎంత నడుస్తోంది? నూటికి రెండా, మూడా? అవసరం గట్టిదైతే అయిదు కూడా అడుగుతారు. ఈ ప్రశ్నకు జవాబు తెలియని మనిషి మన పల్లెల్లో దాదాపు ఉండరు. బడి గుమ్మం తొక్కని పెద్దావిడ కూడా టక్కున చెప్పేస్తుంది. నూటికి రెండు అంటే, వంద రూపాయలకు నెలకు రెండు రూపాయలు. 10,000 తెస్తే నెలకు 200. కాగితం అక్కర్లేదు, పెన్ను అక్కర్లేదు.

సరే, ఇప్పుడు రెండో ప్రశ్న. బ్యాంకు మేనేజరుగారు "పన్నెండు శాతం" అన్నారు. షావుకారు "నూటికి రెండు" అన్నాడు. ఏది తక్కువ?

ఇక్కడ కొంచెం తడబాటు వస్తుంది. పన్నెండు పెద్ద అంకె, రెండు చిన్న అంకె. చెవికి అలాగే వినబడుతుంది. కానీ బ్యాంకు చెప్పేది ఏడాది లెక్క. షావుకారు చెప్పేది నెల లెక్క. నెలకు రెండు చొప్పున పన్నెండు నెలలకు ఎంత? ఇరవై నాలుగు. అంటే షావుకారు వడ్డీ బ్యాంకు వడ్డీకి సరిగ్గా రెట్టింపు. బ్యాంకు వారి పన్నెండు శాతాన్ని మన ఊరి లెక్కలో చెప్పాలంటే, నూటికి రూపాయి.

మళ్ళీ చెబుతాను, ఇది గుర్తుంటే చాలు. ఎవరైనా ఏడాదికి ఇంత శాతం అని చెబితే, దాన్ని పన్నెండుతో భాగించండి. మన ఊరి వడ్డీ వస్తుంది. పన్నెండు శాతమంటే నూటికి రూపాయి. ఇరవై నాలుగు శాతమంటే నూటికి రెండు. ముప్ఫై ఆరు శాతమంటే నూటికి మూడు.

ఇంతవరకు సులువే. కొంచెం చిక్కైన లెక్క ఇంకొకటుంది, అది వారం వాయిదాల అప్పుది. ఉదయం పూట ఒకరింటి వరండాలో ఆడవాళ్ళంతా గుండ్రంగా కూర్చుంటారు, ఫైనాన్సు అబ్బాయి బండి మీద వస్తాడు, డబ్బు వసూలు చేసుకుని కార్డు మీద సంతకం పెట్టి వెళతాడు. మీరు చూసే ఉంటారు. ఒక అక్క 10,000 తీసుకుందనుకుందాం. వారానికి 230 చొప్పున యాభై వారాలు కట్టాలి. మొత్తం 11,500. అంటే వడ్డీ 1,500. "పదివేలకి ఏడాదికి పదిహేను వందలేగా, నూటికి రూపాయి పావలా కదా" అనిపిస్తుంది. ఆ అబ్బాయి కూడా అలాగే చెబుతాడు.

కానీ ఆ పదివేలూ ఆవిడ చేతిలో ఏడాదంతా ఉన్నాయా? లేవు. మొదటి వారమే 230 తిరిగి వెళ్ళిపోయింది. రెండో వారం ఇంకో 230. ఆరు నెలలు తిరిగేసరికి అసలులో సగం కట్టేసింది. ఆఖరి వారాల్లో ఆవిడ దగ్గర మిగిలిన అప్పు వందల్లోనే ఉంటుంది. సగటున చూస్తే ఏడాది పొడవునా ఆవిడ వాడుకున్నది అయిదు వేల చిల్లర. వడ్డీ మాత్రం పదివేల మీద లెక్కేశారు. కాబట్టి అసలు వడ్డీ రూపాయి పావలా కాదు, రెండున్నరకు దగ్గర. షావుకారు కంటే ఎక్కువే.

అలాగని ఆ అప్పు తీసుకోవద్దని నేను చెప్పను. ఇంట్లో జబ్బు మనిషి ఉన్నప్పుడు, రేపు పొద్దున్నే ఆసుపత్రిలో డబ్బు కట్టాల్సినప్పుడు, ఎవరిస్తే వాళ్ళ దగ్గర తెచ్చుకుంటాం. నేను చెప్పేది ఒక్కటే. ఎంతకు తెస్తున్నామో తెలిసి తెచ్చుకుందాం. ఇలాంటి వాయిదాల అప్పుకు పైకి చెప్పే వడ్డీ ఒకటి, నిజంగా పడే వడ్డీ ఇంచుమించు దానికి రెట్టింపు.

ఈ లెక్క తెలియకపోవడం వల్ల, తెలిసినా గత్యంతరం లేకపోవడం వల్ల, మన రాష్ట్రం ఒకసారి పెద్ద దెబ్బే తిన్నది. అప్పటికి ఆంధ్ర, తెలంగాణ కలిసే ఉన్నాయి. 2010 నాటి మాట. ఒకే ఇంటికి రెండు మూడు ఫైనాన్సు సంస్థలు అప్పులిచ్చాయి. ఒకరి వాయిదా కట్టడానికి ఇంకొకరి దగ్గర అప్పు. వసూళ్ళకు వచ్చినవాళ్ళు గుమ్మంలో కూర్చోవడం, అదే గుంపులో అప్పు తీసుకున్న తోటి ఆడవాళ్ళే వచ్చి తిట్టడం, పరువు పోవడం. ఆత్మహత్యల వార్తలు వచ్చాయి. ఆ ఏడాది అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. వారం వారం వసూళ్ళు కుదరవు, నెలకొకసారే అన్నది. ఇళ్ళ మీదికి వెళ్ళి అడగకూడదన్నది.

ఆ తర్వాత దేశం మొత్తానికీ నిబంధనలు మారుతూ వచ్చాయి. వాటిలో రెండు మీకు పనికొస్తాయి. ఒకటి, 2022లో రిజర్వు బ్యాంకు పెట్టినది. చిన్న అప్పులిచ్చే సంస్థ ముందు ఇంటి ఆదాయం చూడాలి. ఆ ఇంటి అప్పులన్నిటికీ కలిపి నెలకు కట్టే వాయిదాలు, నెల ఆదాయంలో సగం దాటకూడదు. వాళ్ళు చూసినా చూడకపోయినా మనం చూసుకోవచ్చు. ఇంటికి నెలకు 12,000 వస్తే, డ్వాక్రా సంఘం వాయిదా, బండి వాయిదా, ఫైనాన్సు వాయిదా, అన్నీ కలిపి 6,000 దాటితే ఆగాలి. నన్నడిగితే సగం కూడా ఎక్కువే. మిగిలిన సగంలో తిండి, బడి, మందులు, పెళ్ళి చదివింపులు అన్నీ వెళ్ళాలి కదా.

రెండోది, అప్పు మీద సంతకం పెట్టకముందే మీకు ఇవ్వాల్సిన కాగితం. అప్పు ముఖ్య వివరాలన్నీ అందులో ఉంటాయి. వడ్డీ, ఖర్చులు, బీమా పేరుతో పట్టుకునేవి, అన్నీ కలిపి ఏడాదికి ఎంత శాతం పడుతోందో అందులో రాసి ఉండాలి. అదీ మీకు అర్థమయ్యే భాషలో. "సారూ, ఆ కాగితం ఇవ్వండి" అని అడగండి. అడిగితే తప్పు లేదు. ఇచ్చాక అందులో ఉన్న ఏడాది శాతాన్ని పన్నెండుతో భాగించండి.

ఇంతకీ నేను ఈ రోజు మాట్లాడదామనుకున్నది ఈ లెక్కల గురించి కాదు, వీటిని పల్లెల్లో నేర్పే పద్ధతి గురించి. ఆర్థిక అక్షరాస్యత శిబిరం అని పెడతారు. పంచాయతీ ఆఫీసు ముందు షామియానా. వెనకాల ఫ్లెక్సీ. బ్యాంకు నుంచి ఒకరు వచ్చి పొదుపు మంచిది, దుబారా చెడ్డది అని చెబుతారు. టీ, బిస్కట్టు. ఒక ఫోటో. అందరూ ఇంటికి వెళతారు. ఆ వచ్చినవాళ్ళ మీద నాకేమీ కోపం లేదు, వాళ్ళ పని వాళ్ళు చేస్తున్నారు. కానీ ఒక్కటి ఆలోచించండి. రోజుకు మూడు, నాలుగు వందల కూలితో అయిదుగురిని సాకుతున్న మనిషికి దుబారా గురించి ఎవరు చెప్పాలి? ఆవిడే మనకు చెప్పాలి. నూనె ఏ పూట ఎంత పోయాలో, ఏ కొట్లో ఏది అరువు దొరుకుతుందో, ఎవరికి ఎప్పుడు తిరిగి ఇవ్వాలో ఆవిడకు నోటికే ఉంటుంది. ఆవిడకు తెలియనిది డబ్బు గురించి కాదు. బ్యాంకు కాగితం గురించి, ఫోను గురించి, వాయిదా లెక్క గురించి. అది చెబితే చాలు. పొదుపు మీద ఉపన్యాసం అక్కర్లేదు.

మరి నేర్పడం ఎలా? మన దగ్గరే ఒక పాత పాఠం ఉంది.

1990 ప్రాంతంలో నెల్లూరు జిల్లాలో 'అక్షర దీపం' పేరుతో వయోజన విద్య కార్యక్రమం సాగింది. కూలికి వెళ్ళివచ్చి, వంట చేసుకుని, రాత్రి పూట లాంతరు వెలుగులో ఆడవాళ్ళు చదువుకున్నారు. ఆ పాఠాల్లో వాళ్ళ బతుకే ఉంది. సారా తాగే మొగుడు, ఖాళీ అయిన ఇల్లు, ఆడవాళ్ళు కలిసి నిలబడితే ఏమవుతుందన్న చర్చ. అది చదివి ఊరుకోలేదు. అదే జిల్లాలోని దూబగుంటలో ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. వాళ్ళలో ముందు నిలబడిన రోశమ్మ పేరు మీరు వినే ఉంటారు. ఆ ఉద్యమం ఊరూరా పాకింది. 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది.

అక్కడి నుంచి కథ డబ్బు వైపు మళ్ళింది. సారా కొట్టుకు పోయే రూపాయి ఇంట్లో మిగిలింది కదా, దాన్నేం చేద్దాం? రోజుకు ఒక్క రూపాయి. నెలకు ముప్ఫై. 'పొదుపు లక్ష్మి' అని పేరు. నెల్లూరు జిల్లాలో మొదలైన ఆ రూపాయే తర్వాత రాష్ట్రమంతటా డ్వాక్రా మహిళా పొదుపు సంఘాలకు ఊతమైంది. డ్వాక్రా అనే పథకం అంతకు పదేళ్ళ ముందే ఉంది. కానీ దానికి ప్రాణం వచ్చింది ఈ ఆడవాళ్ళ వల్లేనని నా నమ్మకం.

ఇక్కడ గమనించండి. పొదుపు పాఠం వాళ్ళకు ముందుగా రాలేదు. చేతిలో రూపాయి మిగిలింది. దాన్ని ఏం చేయాలన్న ప్రశ్న వచ్చింది. పాఠం ఆ ప్రశ్న వెనకాల వచ్చింది. డబ్బు పాఠం డబ్బు చేతిలో ఉన్న రోజునే ఎక్కుతుంది.

అందుకే పల్లెలో ఈ చదువుకు సరైన బడి ఏదని ఎవరైనా అడిగితే, సంఘం సమావేశమే అంటాను నేను. పది, పన్నెండు మంది ఆడవాళ్ళు. ఒకరింటి అరుగు. కింద చాప. మధ్యలో సంఘం పుస్తకం. సంఘాల్లో ఉన్నవారికి పంచసూత్రాలు తెలుసు. క్రమం తప్పకుండా సమావేశం, క్రమం తప్పకుండా పొదుపు, సంఘంలోనే ఒకరికొకరు అప్పు, సకాలంలో చెల్లింపు, పుస్తకాలు సరిగ్గా రాయడం. గోడల మీద రాసి ఉండే మాటలే. చదివితే చప్పగా ఉంటాయి. సమావేశంలో కూర్చుంటే అలా ఉండవు.

ఒక సమావేశం ఊహించుకోండి. సంఘం దగ్గర 8,000 ఉంది. అడిగేవాళ్ళు ముగ్గురు. ఒకావిడ గేదెకు జబ్బు చేసింది, డాక్టరుకు 3,000 కావాలి. ఇంకొకావిడ కొడుక్కి కాలేజీ ఫీజు 6,000. మూడో ఆవిడ కూతురి సీమంతానికి 4,000. ఎవరికి ముందు?

"ఫీజు కట్టకపోతే పరీక్ష రాయనివ్వరు వదినా."

"గేదె పోతే నెల నెలా పాల డబ్బులు పోతాయి. అప్పు తీర్చేదెలా?"

"సీమంతం ఆపుకోమంటారా? వియ్యాలవారి ముందు నా తల ఎక్కడ పెట్టుకోను?"

ఒకరు అంటారు, "పోయిన సారి నువ్వు మూడు నెలలు ఆలస్యం చేశావు కదా అక్కా." ఒకరు అలుగుతారు. కాసేపు ఎవరూ మాట్లాడరు. చివరికి గేదెకు 3,000 ఇస్తారు. ఫీజుకు 4,000 ఇచ్చి మిగతాది కాలేజీవాళ్ళను గడువు అడగమంటారు. సీమంతానికి వెయ్యి ఇచ్చి, వచ్చే నెల ఇంకొంత ఇస్తామంటారు. తీర్మానం పుస్తకంలో రాస్తారు. అందరూ సంతకాలు పెడతారు.

ఆ గంటలో ఏమేం జరిగాయో చూడండి. ఏ అప్పు తిరిగి డబ్బు తెస్తుందో, ఏది తేదో మాట్లాడుకున్నారు. మనిషి పాత చెల్లింపులు గుర్తుచేశారు. గడువు అడగొచ్చని కనిపెట్టారు. ఉన్న డబ్బు చాలనప్పుడు ఎలా సర్దాలో తేల్చారు. బ్యాంకు ఆఫీసరు శిక్షణలో నేర్చుకునేవి ఇవే. కాకపోతే ఇక్కడ ఎదురుగా ఉన్నది తమ సొంత డబ్బు, తమ సొంత మనుషులు. తప్పు చేస్తే తమకే తగులుతుంది. అందుకే మరిచిపోరు.

ఇలా నేర్చుకున్నవాళ్ళు ఎంత దూరం వెళ్ళారో చెబితే ఆశ్చర్యపోతారు. మన పల్లెల నుంచి సంఘాల ఆడవాళ్ళు బీహారు వెళ్ళారు, అక్కడి ఊళ్ళలో ఉండి సంఘాలు పెట్టించి వచ్చారు. హిందీ అంతంత మాత్రం. పప్పు రుచి వేరు, చలి వేరు. అయినా పుస్తకం ఎలా రాయాలో, అప్పు ఎవరికి ఇవ్వాలో చూపించారు. పెద్ద చదువులు చదివిన శిక్షకుడు చెబితే వినని మాట, తనలాగే కూలికి వెళ్ళిన ఇంకో ఆడమనిషి చెబితే విన్నారు. పల్లెలో డబ్బు పాఠం ఎవరు చెప్పాలన్న దానికి ఇంతకంటే మంచి జవాబు నాకు దొరకలేదు.

ఇప్పుడు కాస్త కష్టమైన మాట. చాలా ఊళ్ళలో సంఘం సమావేశమనే ఆ బడి పలచబడింది. మొదట్లో సంఘం పొదుపే పెద్ద సంగతి. ఇప్పుడు బ్యాంకు సంఘానికి ఇచ్చే లింకేజీ అప్పు లక్షల్లో వస్తోంది. అప్పు రాగానే తలా ఇంత అని సమానంగా పంచేసుకుంటారు. ఎవరికి అవసరం, ఎవరు తీర్చగలరు అన్న చర్చ లేదు. పుస్తకం రాసే అమ్మాయే అంతా చూసుకుంటుంది. సంతకాలు ఇంటింటికీ తిరిగి పెట్టించుకుంటారు. సమావేశం జరిగినట్టు పుస్తకంలో ఉంటుంది, అరుగు మీద చాప మాత్రం పరవరు. డబ్బు పెరిగింది, చదువు తగ్గింది. కొన్నిచోట్ల సంఘం డబ్బు ఒకరిద్దరి చేతిలో చిక్కుకుపోవడానికి కారణం కూడా ఇదే.

దీనికి నేను చెప్పే ఉపాయం చాలా చిన్నది. ప్రతి సమావేశంలో పుస్తకం పైకి చదవండి. అంతే. చదువు రాని సభ్యురాలు ఉన్నా సరే, ఆవిడ పేరు, ఆవిడ పొదుపు, ఆవిడ బాకీ, గట్టిగా చదవండి. ఎవరి లెక్క వాళ్ళకు నోటికి ఉంటుంది, తేడా ఉంటే అక్కడే చెప్పేస్తారు. పుస్తకం రాసేవారి మీద అనుమానంతో కాదు. అందరూ వింటుంటే రాసేవారికీ రక్షణే.

ఒక ఆట కూడా చెబుతాను. సంఘంలో ఆడొచ్చు, ఇంట్లో కూడా ఆడొచ్చు. నేల మీద ముగ్గుపిండితో పన్నెండు గళ్ళు గీయండి. ఒక్కో గడి ఒక్కో నెల. చేతిలోకి చింతగింజలు తీసుకోండి, కొన్ని గులకరాళ్ళు తీసుకోండి. ఏ నెలలో డబ్బు వస్తుందో ఆ గడిలో చింతగింజలు. ఏ నెలలో పోతుందో అక్కడ గులకరాళ్ళు. వెయ్యి రూపాయలకు ఒక గింజ అనుకోండి.

వరి పండించే ఇల్లయితే, పంట అమ్మిన నెలల్లో గింజలు కుప్ప పడతాయి. సంక్రాంతి ముందు ఒక కుప్ప, రెండో పంట ఉంటే ఎండాకాలంలో ఇంకో కుప్ప. పత్తి వేసినవారికి తీత మొదలయ్యాక వస్తాయి. ఇక జూన్ గడి చూడండి. బడి ఫీజులు, పుస్తకాలు, విత్తనాలు, ఎరువులు, దుక్కి కూలి. ఆ గడి నిండా గులకరాళ్ళే. జూలై, ఆగస్టు గళ్ళలోనూ అంతే. చింతగింజ ఒక్కటి కనబడదు.

ఆ గళ్ళ ముందు కూర్చున్నప్పుడు ఒక సంగతి కళ్ళకు కడుతుంది. మనకు డబ్బు లేకపోవడం ఒక కష్టం. డబ్బు వచ్చే నెల, డబ్బు కావాల్సిన నెల వేరు కావడం ఇంకో కష్టం. రెండో కష్టానికి కొంతైనా మందు ఉంది. సంక్రాంతి కుప్పలోంచి జూన్ గడి కోసం నాలుగు గింజలు పక్కన పెట్టగలమా? నెల నెలా వాయిదా కట్టలేని ఇంటికి, పంట వచ్చాక కట్టే అప్పు దొరుకుతుందా? పాడి ఉన్న ఇంటికి పాల డబ్బులు పదిహేను రోజులకోసారి వస్తాయి కాబట్టి వాళ్ళకు నెల వాయిదా సరిపోతుంది. వ్యవసాయం మీదే ఉన్న ఇంటికి సరిపోదు. ఈ తేడా గుర్తించకుండా అందరికీ ఒకటే వాయిదా పెట్టడం అప్పిచ్చేవారి తప్పు. మన తప్పు కాదు.

ఆ మాట వచ్చింది కాబట్టి కౌలు రైతు సంగతి కూడా చెప్పాలి. సొంత పొలం ఉన్న రైతు కిసాన్ క్రెడిట్ కార్డు మీద పంట రుణం తెచ్చుకుని, గడువులోగా కట్టేస్తే, మూడు లక్షల దాకా అతనికి పడే వడ్డీ ఏడాదికి నాలుగు శాతం. అంటే నూటికి పావలా, అర్ధరూపాయి మధ్య. పక్క చేను కౌలుకు చేసేవాడు అదే పంటకు నూటికి రెండో మూడో ఇచ్చి బయట తెస్తాడు. ఎందుకు? లెక్క రాకనా? కాదు. పాసుపుస్తకం భూమి యజమాని పేరు మీద ఉంది కాబట్టి. ఆంధ్రలో సాగుదారు హక్కు పత్రాలని ఇస్తున్నారు. ఆ పత్రం కోసం అడగాలి, దానితో బ్యాంకుకు వెళ్ళాలి. కానీ చాలామందికి యజమాని ఒప్పుకోడు, బ్యాంకు తిప్పుతుంది. ఇలాంటి మనిషికి ఆర్థిక అక్షరాస్యత లేదని ఎవరైనా అంటే నాకు మనసొప్పదు. అతనికి లేనిది కాగితం.

ఇక ఫోను గురించి రెండు ముక్కలు. ఈ మధ్య మోసాలన్నీ అందులోంచే వస్తున్నాయి. "మీకు డబ్బు పడుతుంది, పిన్ను కొట్టండి" అంటే అది మోసం. డబ్బు మన ఖాతాలోకి రావడానికి పిన్ను అక్కర్లేదు. మళ్ళీ చెబుతున్నాను, డబ్బు రావడానికి పిన్ను అక్కర్లేదు. పిన్ను కొడితే డబ్బు పోవడమే. పొరపాటున పోతే సిగ్గుపడి దాచకండి. వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయండి. ఒకటి, తొమ్మిది, మూడు, సున్నా. ఎంత తొందరగా చేస్తే అంత మంచిది. ఇంట్లో కుర్రాళ్ళు ఫోన్లో పందేలు కాస్తుంటే, ఊరూ పేరూ తెలియని యాప్‌లో అప్పు తీసుకుంటే, ఆ మాట కూడా ఇంట్లో బయటికి రానివ్వండి. కొట్టి, తిట్టి అడిగితే రాదు.

ఆఖరుగా ఇరవై రూపాయల సంగతి. ప్రధానమంత్రి సురక్షా బీమా అని ఒకటుంది. ప్రమాదంలో మనిషి పోతే ఇంటివారికి రెండు లక్షలు వస్తాయి. ఏడాదికి ఇరవై రూపాయలు మన ఖాతాలోంచే పట్టుకుంటారు. పద్దెనిమిది ఏళ్ళ నుంచి డెబ్బై ఏళ్ళ దాకా ఎవరైనా చేరవచ్చు. చేరినవాళ్ళు చాలామందే ఉన్నారు. కానీ మే నెలాఖరులో ఖాతాలో ఆ ఇరవై లేకపోతే జూన్ ఒకటి నుంచి బీమా ఉండదు. కొందరి విషయంలో ఇంకోటి జరుగుతుంది. బీమా ఉంటుంది, ఉన్నట్టు ఇంట్లో ఎవరికీ తెలియదు. మనిషి పోయాక అడిగేవారు ఉండరు. కాబట్టి ఈసారి సంఘం సమావేశానికి వెళ్ళేటప్పుడు బ్యాంకు పాసుబుక్కు పట్టుకెళ్ళండి. అందులో ఇరవై రూపాయలు పట్టుకున్నట్టు ఉందో లేదో పక్కవారి చేత చదివించుకోండి. నామినీగా ఎవరి పేరు ఉందో బ్యాంకులో అడగండి. పెళ్ళికాక ముందు తెరిచిన ఖాతా అయితే అమ్మ పేరో నాన్న పేరో ఉండిపోయి ఉంటుంది. మార్చాలనుకుంటే బ్యాంకులో ఒక ఫారం నింపి ఇస్తే సరిపోతుంది. ఆ పేరు ఎవరిదో వాళ్ళకు ఇవాళే చెప్పండి.